ఆరని గచ్చు

మోకాళ్ళ కింద గోనెపట్ట వేసుకుని, ఎర్రగచ్చును రుద్దుకుంటూ వలి వెనక్కి జరుగుతున్నాడు. తాపీని కాస్త ఏటవాలుగా పట్టి చెయ్యి చాచినంత మేర ఒక వరస, దాని మీదుగా ఇంకో వరస. రుద్దేకొద్దీ తడి పైకి తేలి నేల నున్నగా మెరుస్తోంది. గోనెపట్ట ఒత్తిన చోట గీత పడితే దాన్నీ రుద్దేసి ఇంకొంచెం వెనక్కి జరుగుతాడు. అలా జరిగీ జరిగీ అతని నడుము నిలబడ్డప్పుడు కూడా ముందుకు వంగే ఉంటుంది.

ఉదయగిరిలో సుబ్బరత్నమ్మ ఇంటి వసారా అది. పాత గచ్చు నెర్రెలు విచ్చి, పెచ్చులు లేచి ఆమె కాళ్ళకు తగులుతుంటే కొడుకు బండలు పరిపిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆత్మకూరు నుంచి వలిని పిలిపించింది. నిన్న పెచ్చులు చెక్కి నెర్రెలు పూడ్చాడు. ఈ రోజు పైన ఎర్రరంగు పొర పోసి, చుట్టూ నల్ల అంచు తీర్చి, తడి మీద దారం కొట్టి గళ్ళు తీస్తున్నాడు.

మామూలుగా గోడ దగ్గర మొదలుపెట్టి మెట్ల మీదికి దిగిపోతాడు. ఈ రోజు తిరగేశాడు. తూర్పు ముఖం ఇల్లు. పొద్దెక్కితే మెట్ల పక్క ఎండ పడి తడి గచ్చు వెంట్రుకల్లాంటి చీలికలిస్తుంది. అందుకని అటు ముందు ముగించి, ఇంటి లోపలికి వస్తున్నాడు. పెరటి దారి లేదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అటు గోడ లేచింది. గచ్చు బిగిసేదాకా ఇంట్లోనే కూర్చుంటే సరిపోతుందనుకున్నాడు. సుబ్బరత్నమ్మకూ, ఆమె మనవరాలు అశ్వితకూ గడప దాటొద్దని చెప్పాడు.

"నీ గచ్చు మింద ఈగ వాలినా తరిమేటట్టుండావే" అంది గడపకివతల కుర్చీలో కూర్చున్న సుబ్బరత్నమ్మ.

"వాలితే దాని కాలిగుర్తు రుద్దాల్సింది నేనే గదమ్మా."

నవ్వాడు కానీ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. ఎవరూ చేయలేదు.

భార్య జైతూన్‌బీ చలికాలం నుంచీ మంచం మీదే ఉంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పొద్దున బయలుదేరుతుంటే, "ఈ పొద్దు పోక తప్పదా?" అంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట.

"పెచ్చులు చెక్కేసి వచ్చినా. అట్టే వదిలేస్తే ఆ ముసలామె తట్టుకుని పడతాది. దీపాలేళకు నీకాడ ఉంటా."

ఆమె అతని చెయ్యి తిప్పి గోళ్ళలోని ఎరుపు చూసింది. పెళ్ళయిన కొత్తలో, నాకంటే నీకే గోరింటాకు బాగా పండిందని ఎగతాళి చేసేది. ఈసారి ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. దీపాలవేళకు చేరాలి. పొద్దుటి నుంచీ అతని మనసులో అదొక్కటే.

చివరి గళ్ళు తీసి గడపలోకి అడుగు పెట్టేసరికి ఫోను మోగింది. కూతురు ఇష్రత్.

"అబ్బా, అమ్మీకి ఊపిరి అందడం లే. డాక్టరొచ్చి చూసినాడు. యాడికీ తీసకపోబాకండి అన్నాడు. నిన్నే అడగతా ఉండాది. బిన్నా రా అబ్బా."

ఫోను పట్టుకుని వలి అలాగే నిలబడ్డాడు. ఎదురుగా తడి గచ్చు. దానికవతల మెట్లు, వీధి.

"ఏందిరా వలీ?"

"ఇంట్లో ఆమెకు బాగలేదంటమ్మా. పిలస్తా ఉండాదంట."

"మరి చూస్తావేంది? తొక్కుకుంటా పో. పోతే గచ్చేగా."

తల ఊపాడు. ఒక కాలు ఎత్తి, మళ్ళీ గడపలోనే పెట్టాడు. తర్వాత సంచిలోంచి రెండు చిన్న చెక్కలు తీశాడు. ఒకటి గచ్చు మీద పరిచి ఎక్కాడు. రెండోది ముందు వేసి దాని మీదికి మారాడు. వెనక్కి వంగి మొదటిది ఎత్తాడు. దాని కింద అంచులు దిగిన గుర్తు. చేతిలోని తాపీ దాన్ని రుద్దేసింది.

"తాతా, ఏం చేస్తా ఉండావ్? బస్సొచ్చే యాళయింది" అంది అశ్విత.

"పోతా ఉండా పాపా."

ముందు చెక్క వేశాడు, మారాడు, వెనక్కి తిరిగాడు. రుద్దొద్దని తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. రుద్దుతూనే ఉన్నాడు. తడి నేల మీంచి గుర్తు వదిలి పోవడం ఆ చేతికి రాదు. సుబ్బరత్నమ్మ కుర్చీలోంచి లేచింది. "వదిలెయ్ రా, నీకు దండం పెడతా" అంది.

వసారా నడిమికి వచ్చేసరికి వీధి చివర ఆత్మకూరు బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. వలి నడుము ఎత్తి అటు చూశాడు. తను నిలబడ్డ చెక్కను ఎత్తకుండా, రెండో చెక్కా తాపీ చేతిలో పట్టుకునే దిగి నడిచాడు. అక్కడి నుంచి మెట్ల దాకా గచ్చు అప్పటికే బిగిసిపోయింది. అడుగు పడినా గుర్తు పడలేదు.

తర్వాతి బస్సులో వలి ఆత్మకూరుకు ఇంకా దూరాన ఉండగా ఇష్రత్ మళ్ళీ ఫోను చేసింది. గొంతులో తొందర లేదు.

"నిదానంగా రా అబ్బా" అంది.

వలి సరేనన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దిగాల్సిన చోటు వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

ఉదయగిరిలో సాయంత్రానికి గచ్చు ఆరింది. పొలం నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ కొడుకు చెక్కను లాగబోతే ఆమె వద్దంది. గడప నుంచి నడిమి దాకా ఎక్కడా ఒక్క గీత లేదు. నడిమిన, రెండు గళ్ళకు అడ్డంగా, ఆ చెక్క ఒక్కటే ఎర్రనేలలోకి దిగి బిగుసుకుపోయి ఉంది.