ముడుపు గుడ్డకు తెలిసిన ముడులు

నేను ఒక పసుపు గుడ్డను. అనకాపల్లిలో, ఒక ఇంటి వంటగది పై అరలో, దేవుడి పటం వెనక ఉంటాను. మొదట తెల్లగానే ఉండేదాన్ని. పురిటి బిడ్డను ఆసుపత్రిలో వదిలి హైమావతి ఒక్కతే ఇంటికి వచ్చిన రోజున, కొత్త తువ్వాలులోంచి నన్ను చించి పసుపు నీళ్లలో ముంచింది. బిడ్డ కుందనకు ఊపిరి అందడం లేదు. హైమావతి, ఆమె భర్త త్రినాథ్ నాలో నోట్లు, పైన ఒక రూపాయి పెట్టి, చెరో కొస పట్టుకుని ముడి వేశారు. బిడ్డ దక్కితే సింహాచలం అప్పన్నకు ఇస్తామని మొక్కుకున్నారు.

బిడ్డ దక్కింది. ఇప్పుడు మూడో తరగతి. సింహాచలం ఎంతో దూరం కాదు, బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. దగ్గరే కదా అనుకునే ఇన్నేళ్లూ వెళ్లలేదు.

మొదట నన్ను విప్పింది త్రినాథ్. బెల్లం దిమ్మలు మోసే అతని వ్యాను టైరు పేలింది. "వచ్చే నెల పెట్టేస్తాను సామీ" అని పటానికి దండం పెట్టి, సరుకు మీద తాడు బిగించినట్టు నాకు ముడి వేశాడు. తర్వాత స్కూలు ఫీజుకని హైమావతి వచ్చింది. ముడి తనది కాదని చూడగానే తెలిసింది. అడుగుదామంటే తానెందుకు విప్పిందో చెప్పాలి. అందుకని నోరు మూసుకుని, కావలసింది తీసుకుని, తన పద్ధతిలో రెండు పేటల ముడి వేసింది. మరోసారి అతను ఆ ముడి చూసి గతుక్కుమన్నాడు. అతనూ అడగలేదు. ఇద్దరి దొంగతనానికీ నేనే కాపలా. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. బిగుసుకుని కూర్చుందామనుకుంటాను, కానీ గుడ్డను కదా, లాగితే విడిపోతాను.

ఇలా ఉండగా మహిళా సంఘం వాళ్లు డబ్బు నిర్వహణ తరగతులు మొదలుపెడుతున్నారు. వచ్చే ముందు ఉన్నదంతా ఒకవైపు, అప్పులన్నీ మరోవైపు రాసుకురమ్మన్నారు. ఆదివారం మొగుడూ పెళ్లాం వంటింట్లో బ్యాంకు పుస్తకం, చీటీ పాస్‌బుక్కు, బంగారం కుదువపెట్టిన రసీదు ముందేసుకుని కూర్చున్నారు. అన్నీ రాశాక హైమావతి పెన్ను ఆగింది.

"మరి ముడుపు ఏటేపు రాయాల?"

ఆమె నన్ను కిందికి దించింది.

"ఈ ముడి నాది కాదు" అంది మెల్లగా.

"నీ ముడి నాను సానాసార్లు ఇప్పినాను" అన్నాడతను తల దించుకుని.

విప్పితే రూపాయి ఒక్కటే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఇద్దరికీ భయమే.

"ఎంత కట్టినాం?" అందామె. అతనికీ గుర్తులేదు. నాకు తెలుసు, కానీ నన్నెవరడుగుతారు? అప్పులవైపు, అన్నిటికంటే పైన, ఆమె అప్పన్న పేరు రాసి పక్కన ఖాళీ వదిలేసింది.

అంతలో కుందన వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ గటగటా నీళ్లు తాగింది. ఇద్దరూ కదలకుండా ఆ ఊపిరి విన్నారు.

"ఇదేటమ్మా?"

"నీకోసం కట్టిన ముడుపు. మేవే వాడేసినాం."

"మరి అప్పన్నకేటి సెప్తారు?"

త్రినాథ్ ఆ రూపాయిని నాలో పెట్టి ముడి వేయబోయాడు. మొదటి రోజులాగే హైమావతి రెండో కొస పట్టుకుంది.