పంపని సవరణ చీటీలు

మా ఆయన తోర్గేర్ పోయాక ఆయన కాగితాలన్నీ ట్రోమ్సో విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగారు. మహానుభావుడు చిన్న ముక్క కూడా పారేసిన పాపాన పోలేదు. రైలు వంతెనల లెక్కలు, కొండల పటాలు, చేతి ప్రెస్సు మీద సరదాకి అచ్చేసుకున్న చిన్న పుస్తకాలు. వంటింటి బల్ల మీద పరుచుకుని వారం రోజులుగా సర్దుతున్నాను, తిట్టుకుంటూనే.

అందులో దారం కట్టిన పొట్లం ఒకటి దొరికింది. విప్పితే నలభై సవరణ చీటీలు, అన్నిట్లోనూ ఒకటే సవరణ. పుస్తకంలో ఒక్క అక్షరం తలకిందులైనా సరే, ఆయన ఇలా చీటీ అచ్చేసి, అంటించుకోమని మిత్రులందరికీ పోస్టులో పంపేవాడు. ఇవి మాత్రం పంపలేదు.

"లింగెన్ యాత్ర, తొమ్మిదో పేజీ: 'ఐలిఫ్ ముందుకు రానన్నాడు' అన్నది తప్పు. రానన్నది నేను."

ఐలిఫ్ మా ఆయనతో కొండలెక్కిన పాత స్నేహితుడు. నలభై ఏళ్ళ కిందట వాళ్ళిద్దరే వెళ్ళిన ఆ యాత్రలో, కొండ దిగేటప్పుడు జారిపడి ఐలిఫ్ తలకి దెబ్బ తగిలింది. శిఖరం దగ్గర ఏం జరిగిందో అతనికి గుర్తు లేదు, ఆ పుస్తకం చదివే తెలుసుకున్నాడు. మా ఆయన అప్పుడు పర్వతారోహకుల క్లబ్బుకి అధ్యక్షుడు. ఆయన రాస్తే కాదనేవాడెవడు? ఆ తర్వాత కొండెక్కేటప్పుడు ఐలిఫ్‌తో కలిసి ఎవరూ తాడు కట్టుకోలేదు, మా ఆయన తప్ప.

"నన్ను నమ్మినవాడు నీ మొగుడొక్కడే" అని ప్రతి క్రిస్మస్‌కీ ఐలిఫ్ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మా ఆయన తలొంచుకుని బంగాళదుంపలు తినేవాడు. మొహమాటం అనుకున్నాను, పిచ్చిదాన్ని.

పొట్లం పొయ్యిలో పడేస్తే మా ఆయన పేరు నిలుస్తుంది. కానీ ఐలిఫ్‌కి ఎనభై నాలుగేళ్ళు. తాను పిరికివాణ్ణనుకుంటూనే పోతాడు. మర్నాడు పొద్దున్నే పొట్లం పట్టుకుని అతనింటికి వెళ్ళాను.

"ఏం మారిట్, మళ్ళీ మాడిన వాఫిల్సేనా?"

"నోరు మూసుకుని ఇది చదువు."

రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అంటే, నేను పైకి పోదామన్నానా?"

"అన్నావు. నీ తప్పేం లేదు. నీకు అన్యాయం చేశాడు, ఐలిఫ్."

"ఆ సాయంత్రమే పైన మంచుచరియ విరిగిపడిందిగా. నా మాట విని ఉంటే ఇద్దరం ఇప్పటికీ దాని కిందే ఉండేవాళ్ళం."

చాలాసేపు చీటీని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం బల్ల మీద గుద్దాడు.

"వెధవ! నా ప్రాణం కాపాడాడు. నలభై ఏళ్ళు ఇంకేదానికో నా చేత థాంక్స్ చెప్పించుకున్నాడు. దీనికి ఒక్కసారి కూడా చెప్పనివ్వలేదు."