సుద్దతో రాసిన మాట

దగ్గు తగ్గేదాకా ఉలిని గాలిలోనే పట్టుకుని, సాల్మన్ రాజు మళ్లీ నాపరాయి మీదకు వంగాడు. మాచర్ల రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి సమాధి రాళ్లు చెక్కుతున్నాడు. కనుబొమల్లో, గోళ్ల సందుల్లో, చివరికి ఊపిరితిత్తుల్లో కూడా రాతిపొడే. ఇక ఎక్కువ రోజులు లేవని నరసరావుపేట డాక్టరు చెప్పాక, తన రాయి తానే మొదలుపెట్టాడు.

దేవుడంటే అతనికి పడదు. ఆ ఏవగింపు ఈ రాళ్ల దగ్గరే పుట్టింది. తాగి పెళ్లాన్ని తన్నినవాడూ, తమ్ముడి పొలం మింగినవాడూ పోగానే రాయి మీద 'ప్రభువునందు నిద్రించెను' అయిపోతారు. బతికినన్నాళ్లూ ఊరిని నిద్రపోనివ్వని వెధవలకు ఇంత హాయైన నిద్రా అని, ఉమ్మేసి మరీ చెక్కేవాడు.

పొద్దున పాస్టరు వచ్చి, ఇప్పుడైనా దేవుణ్ణి ఒప్పుకుంటే ఆదివారం సంఘంలో సాక్ష్యంగా చెబుతానన్నాడు. ఆయన అటు వెళ్లగానే హేతువాది ఆనందరావు మాస్టారు దిగాడు. దేవుడు లేడని చివరిదాకా గట్టిగా ఉంటే తమ సభలో చెప్పుకుంటామని ఈయన బోధ. సాల్మన్ రాజుకు రోత పుట్టింది.

"మీ ఇద్దరికీ నా శవమే కావాల మాస్టారూ. ఆయన పాట పాడతాడు, మీకు పాట రాదు. అంతే తేడా."

మధ్యాహ్నం గంజి తెచ్చిన భార్య ఫిలోమినా రాయి చూసింది. పేరుంది, కింద 'నిద్రించెను' ఉంది. మధ్యలో ఒక మాట పట్టేంత ఖాళీ. వద్దనుకున్నా, అలవాటు పడ్డ చెయ్యి 'ప్రభువునందు'కు చోటు వదిలేసింది.

"నిద్రకి దేవుడెందుకే," అన్నాడతను.

"ఆ మాట లేకపోతే రేపు నేను పైకొచ్చి నిన్ను యాడని వెతుక్కోనయ్యా?"

చెక్కితే అబద్ధం, చెక్కకపోతే ఆమెకు పోయాక కూడా వెతుకులాట. సాయంత్రం సుద్దముక్క తీసి ఖాళీలో ఆ మాట రాశాడు. చెక్కుతావా అని ఆమె అడిగితే, రేపు చూద్దాంలే అన్నాడు. రాసింది ఆమె కోసమేనా, భయం వేసిందా? తేల్చుకోలేక తనను తానే తిట్టుకుంటూ పడుకున్నాడు.

తెల్లారి లేవలేదు.

రాశాడు కాబట్టి నమ్మాడన్నాడు పాస్టరు. చెక్కలేదు కాబట్టి నమ్మలేదన్నాడు మాస్టారు. వేరే చేత్తో చెక్కించడానికి ఫిలోమినా ఒప్పుకోలేదు; రాయిని అలాగే అతని సమాధి మీద పెట్టించింది. మబ్బు పట్టినప్పుడల్లా సమాధుల తోటకు పరుగెత్తి, ఆ రాయి మీద సిమెంటు సంచి కప్పి వస్తుంది. సంచి కింద సుద్ద అక్షరాలు ఇంకా చెరగలేదు.