మర్యాదగా అడిగిన ప్రశ్న

"పాత విండోస్ వేయించెయ్యమని పొద్దుట్నించీ మొత్తుకుంటున్నాను. ఎన్నిసార్లు చెప్పాలి శారోన్?" అన్నాడు ఆమె భర్త శ్యామ్ బాబు.

"విన్నానండి. లినక్స్ ఉంటే మీకేం అడ్డమొచ్చిందనే అడుగుతున్నాను."

"దాని మొహం చూస్తే అమ్మ గుర్తొస్తోంది. అది చాలదూ?"

ఆదివారం ఆరాధన నుంచి అందరూ అప్పుడే వచ్చారు. రావులపాలెం నుంచి వచ్చిన ఆడపడుచు ఎస్తేరు వంటింటి గడపలో నిలబడి, "అది మా వదిన పెంచుకున్న బిడ్డ అన్నయ్యా, పంపెయ్యమంటే ఊరుకుంటుందా?" అంది. నవ్వుతూనే అంది గానీ శారోన్‌కి గుచ్చుకుంది.

శారోన్ అమలాపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ లాబ్‌లో పనిచేస్తోంది. ఒకప్పుడు ఏదో పత్రికతో వచ్చిన సీడీ పెట్టి, విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే లినక్స్ చూసింది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగుచేయవచ్చు అన్న మాట ఆమెకి నచ్చింది. దాన్ని తెలుగులోకి మార్చేవాళ్లతో చేరింది. రాజోలులోని ఈ ఇంట్లో ఆమె రాసినవన్నీ ముందు చదివేది మామగారు మోషే. రిటైరైన తెలుగు మాస్టారు. సాయంత్రం కళ్లజోడు తుడుచుకుని ఆమె పక్కన కుర్చీ వేసుకునేవారు. "దస్త్రం ఏంటమ్మా, మునసబు కచేరీలో కూర్చున్నట్టుంది. ఫైలు అనెయ్యి" అనేవారు.

అత్తగారు హన్నా పోయాక ఆమె పాడిన క్రిస్మస్ పాటలను శ్యామ్ బాబు కేసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ తర్వాతి వరదలో కేసెట్లు తడిసి పాడైపోయాయి. ఆ పాటలను ఒక సీడీలోకి కూడా తీసిపెట్టమని అతను చెబుతూనే ఉన్నాడు. శారోన్ రేపు, రేపు అంటూనే ఉంది.

కిందటి నెల లినక్స్ కొత్త సీడీ వచ్చింది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అది అడిగే ప్రశ్నలు కూడా ఈసారి తెలుగులో ఉన్నాయి. శారోన్ రాసినవే. పొయ్యి మీద చేపల పులుసు ఉండటంతో, "మామయ్యగారండీ, ఒక్కొక్కటీ చదివి 'తర్వాత' నొక్కుతూ ఉండండి. భాష బాగోకపోతే చెప్పండి" అని వంటింట్లోకి వెళ్లింది. ఎక్కడ ఆగాలో చెప్పలేదు.

'మీరు అనుమతిస్తే డిస్కును శుభ్రపరచి కొత్త వ్యవస్థను అమర్చుతాము. దయచేసి మీ సమ్మతి తెలుపగలరు.'

"ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు మోషే గారు, ఎదురుగా మనిషి ఉన్నట్టే. ఆ మాట వంటింట్లోకి వినబడి శారోన్ నవ్వుకుంది కూడా. గరిటె కింద పెట్టి వచ్చేసరికి డిస్కులో ఏమీ మిగల్లేదు. బాగుచేయించడానికి డిస్కుని రాజమండ్రి పంపించి చూశారు. పాటలు దొరకలేదు.

"అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటామమ్మా" అని ఆయన ఒక్కసారే అన్నారు. అప్పట్నించీ ముందుగదిలో కంప్యూటర్ వైపు వెళ్లడం మానేశారు. శారోన్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించేది ఆమెకి.

ఇప్పుడు అందరూ భోజనాలకి కూర్చున్నారు.

"నాన్నా, మీరైనా చెప్పండి, అది ఉంచాలో తీసెయ్యాలో" అంది ఎస్తేరు.

"నన్నెందుకమ్మా అడగడం? నాకు తెలిసిందేదో చేసి చూపించేనుగా" అన్నారు ఆయన, అన్నం కలుపుతూ.

ఎస్తేరు తల దించుకుంది. శ్యామ్ బాబు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. శారోన్ మామగారికి పప్పు వడ్డించి, గిన్నె పక్కన పెట్టి, తనూ కూర్చుంది.

"ఆ ప్రశ్న మార్చి పంపేసేనండి" అంది. "డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, మళ్లీ రావు అని రాసేను. దయచేసి అన్నది తీసేసేను."

శ్యామ్ బాబు వైపు తిరిగింది.

"రేపు పాతదే వేయించెయ్యండి. నేను మాత్రం ఆ పని మానను. ఇంకా అలాంటివి ఎన్ని రాసి పెట్టేనో చూసుకోవాలి. కాలేజీలోనే కూర్చుని చేసుకుని, ఆఖరి బస్సుకి వస్తాను." ఆమె గొంతు తగ్గింది. "మామయ్యగారిని ఇంక చదవమని అడగను."