తేదీ లేని వినతి

ఉద్యోగ నియామక కార్యాలయం గేటుకు ఎదురుగా, జిరాక్సు దుకాణానికీ చెప్పులు కుట్టే షెడ్డుకీ నడుమ ఇరుక్కుని ఆరడుగుల వెడల్పు గది ఒకటి ఉంది. అందులో ఒక కంప్యూటరు, దగ్గుతూ పనిచేసే ప్రింటరు, రెండు స్టూళ్లు, ఒక మనిషి. ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. దరఖాస్తులు నింపించుకోవడానికి వచ్చే పిల్లలందరికీ ఆమె రూల్సక్క.

పదకొండేళ్లుగా ఆమె టైపు చేసినదానికన్నా విడమరిచి చెప్పిందే ఎక్కువ. దరఖాస్తుకు చివరి తేదీ వేరు, అర్హత లెక్కగట్టే తేదీ వేరు అని తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లను ఎందరినో చూసింది. "కటాఫ్ దాటానక్కా, ఇక ఉద్యోగం వచ్చేసినట్టే" అని ఎగురుకుంటూ వచ్చేవాళ్లను ముందు స్టూలు మీద కూర్చోబెట్టేది.

"అర్హత అంటే తలుపు తట్టే హక్కు నాయనా. మెరిట్ జాబితాలో ఉన్నావంటే లోపల ఎవరో నీ చప్పుడు విన్నారన్నమాట. తాత్కాలిక ఎంపిక అంటే తలుపు ఓరగా తీశారు, కాగితాలు చూసి మళ్లీ మూసెయ్యొచ్చు. నియామక ఉత్తర్వు చేతికొస్తేనే కుర్చీ. ఆ పైన రెండేళ్లు ప్రొబేషన్. అప్పుడు కుర్చీ నిన్ను పరీక్షిస్తుంది."

"మరి వెయిటింగ్ లిస్టంటే?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఆమె ప్రింటరు వైపు తిరిగి, సర్దిన కాగితాలనే మళ్లీ సర్దేది.

ఆ జాబితాలో మొదటి నంబరు ఆమెదే.

నీటి సరఫరా శాఖలో రికార్డు అసిస్టెంట్లు ఏడుగురు కావాలని ప్రకటన వచ్చినప్పుడు వయోపరిమితికి ఆమె అయిదు నెలలు ఇవతల ఉంది. పరీక్షలో ఎనిమిదో స్థానం వచ్చింది. ఏడుగురిలో ఆరుగురు చేరిపోయారు. ఏడో వ్యక్తి చేరలేదు. చేరడానికి ఇచ్చిన గడువు ఇవాళ సాయంత్రం అయిదు గంటలకు ముగుస్తుంది. ఆలోగా అతను రాకపోయినా, చేరనని రాసిచ్చినా ఆ కుర్చీ ఆమెది. తాను చేరబోయే తేదీ వేసి గడువు పెంచమని కోరితే కుర్చీ అతనిదే. వెయిటింగ్ లిస్టు ఈ సాయంత్రంతో మూతపడుతుంది. మళ్లీ ప్రకటన వచ్చేసరికి ఆమె వయసు గీత దాటిపోయి ఉంటుంది.

పొద్దున వంటగదిలో అత్తగారు టమాటాలు ఏరుతూ కూర్చుంది. కోడలి నోట విన్న మాటలన్నీ ఆవిడ నాలుక మీదికి ఎప్పుడో వచ్చేశాయి.

"వీటిలో నాలుగు తాత్కాలికంగా ఎంపికయ్యాయే. కోసి చూశాక గానీ తుది జాబితా చెప్పలేను."

"మెత్తబడినదాన్ని తీసెయ్యండత్తయ్యా."

"దానికి వయసు మించింది, అంతేగా." ఆ మాట అనేశాక ఆవిడ నాలుక కరుచుకుని, కత్తిపీట ముందుకు లాక్కుంది. "ఇంతకీ ఆ ఏడోవాడు?"

"నిన్నటిదాకా రాలేదు."

"వాడికి ఏ ఆపదా రాకూడదు. ఇంతకన్నా పెద్ద ఉద్యోగం రావాలి. రోజూ అదే కోరుకుంటున్నా. పాపం తగిలే కోరిక కాదు కదా?"

"కాదత్తయ్యా."

"మరి నువ్వేం కోరుకుంటున్నావు?"

ఆమె చెప్పులు వేసుకుంది. దూరపు బస్సులు నడిపే భర్త ఇంట్లో లేడు. ఉంటే అతనూ ఇదే అడిగేవాడు, నవ్వుతూ. నవ్వుతూ అడిగినదానికి జవాబివ్వడం ఆమెకు మరీ కష్టం.

జీతం కోసమే అయితే చెప్పడం తేలిక. ధ్రువపత్రాల పరిశీలన రోజున ఆమెను నీటి సరఫరా శాఖ రికార్డు గదిలో కూర్చోబెట్టారు, వరండాలో కుర్చీలు చాలక. నలభై నిమిషాలు. నేల నుంచి కప్పు దాకా అరలు, ప్రతి అర మీదా ఏడాది, ప్రతి కట్టకూ ఎర్రటి నాడా. ఎప్పుడో వేసిన పైపులైనుకు ఎవరో గీసిన పటం ఒకటి బల్ల మీద విప్పి ఉంది. గీసినవాళ్లు ఉండకపోవచ్చు. పటానికి మాత్రం నంబరుంది. ఒకసారి నంబరు పడ్డ కాగితాన్ని ఇక నువ్వెవరు అని ఎవరూ అడగరు. తనను ఎవరూ అలా అడగని చోటొకటి కావాలని ఆమెకు ఆ నలభై నిమిషాల్లోనే తెలిసింది. అంతకుముందు పదేళ్లు ఏం కోరుకుంటోందో తెలియకుండానే కోరుకుంది. తెలిశాక ఆ కోరిక మరింత బరువెక్కింది.

ఏడో వ్యక్తి గురించి ఆమెకు తెలిసింది హాల్ టికెట్ నంబరొక్కటే. జాబితాలో పేర్లు ఉండవు. చివర నాలుగు, ఏడు, సున్నా. ఆ అంకెలకు ఆమె చాలా ముఖాలు తొడిగింది. ఒకసారి పొగరుబోతును, ఒకసారి పెద్దింటి అమ్మాయిని, ఒకసారి అసలు లేని మనిషిని. లేని మనిషే ఎక్కువ నచ్చాడు.

మూడు గంటలయ్యేసరికి గేటు వైపు చూడడం మానేసింది. చూస్తే ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.

అప్పుడొచ్చాడు ఒక కుర్రవాడు. ఇరవయ్యారేళ్లు ఉంటాయేమో. చొక్కా జేబులో రెండు పెన్నులు, వేళ్ల మీద ఏదో ఆమ్లం పడి మాసిన పసుపు మచ్చలు. చెయ్యి తుడుచుకుని, మడత పెట్టిన కాగితం ఇచ్చాడు.

"ఇది కాస్త టైపు చేసి పెట్టండక్కా. ఎదురాఫీసులో ఇవ్వాలి. నా రాత నాకే అర్థం కాదు."

ఆమె కాగితం విప్పింది. మొదటి వరుసలోనే ఉన్నాయి, నాలుగు, ఏడు, సున్నా.

వాటిని మళ్లీ చదివింది. ఇన్నాళ్లు తొడిగిన ముఖాల్లో ఏదీ ఇది కాదు.

"నీటి సరఫరా శాఖా?" అంది.

"అవునక్కా. రికార్డు అసిస్టెంటు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూలు ల్యాబులో చేస్తున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ల బీరువాలో ఇరుక్కున్నాయి. పిల్లల ప్రాక్టికల్స్ అయ్యేదాకా వదలనంటున్నారు. అందుకని కొంచెం టైమ్ అడుగుతున్నా."

ఉత్తరం మర్యాదగా ఉంది. "ప్రస్తుతం విధుల్లో చేరలేకపోతున్నాను. దయచేసి కొంత సమయం మంజూరు చేయగలరని ప్రార్థన." అంతే. తేదీ లేదు.

నియామక ఉత్తర్వు మూడో పేజీలో, అందరూ తిప్పేసే పేజీలో, సన్నటి అక్షరాల్లో ఒక నిబంధన ఉంటుంది. గడువు పెంచమని కోరేవారు తాము చేరే తేదీని స్పష్టంగా రాయాలి. తేదీ లేని వినతిని చేరడానికి విముఖతగా పరిగణిస్తారు. ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే ఆవక గుమాస్తా ముద్ర వేస్తాడు, ఏమీ చెప్పడు. చెప్పడం అతని పని కాదు.

"తేదీ..." అంది ఆమె, అక్కడే ఆగి.

"ఏంటక్కా?"

"ఇవాళ్టి తేదీ పైన కుడివైపు వెయ్యనా?"

"వెయ్యండి."

ఉత్తరం ఎలా ఉందో అలాగే టైపు చేసింది. అక్షరం పొల్లు పోలేదు. ప్రింటరు రెండుసార్లు దగ్గి కాగితాన్ని బయటపెట్టింది. అతను నిలబడే చదివి, సంతకం చేసి, "బాగుందక్కా, పెద్దవాళ్లు రాసినట్టుంది" అని రోడ్డు దాటడానికి వెళ్లాడు.

ఆమె ఏ తప్పూ చేయలేదు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు టైపు చేయడమే ఆమె పని. నిబంధన ఆమె రాసింది కాదు, ఆ పేజీ తిప్పేసింది అతను. వాదన ఎక్కడా విరగలేదు. అంత సాఫీగా నడిచే వాదనను చూస్తే ఆమెకు మొదటి నుంచీ అనుమానం. నిజంగా తనదైన దానికి ఎవరైనా ఇంత వాదిస్తారా? ఇలా ఉద్యోగం వస్తే ఆ రికార్డు గదిలో ఆ బల్ల ముందు కూర్చుంటుంది. ప్రతి కాగితాన్నీ తీసి చూస్తుంది, తేదీ ఉందా లేదా అని.

రెండు బస్సులు పోయేదాకా అతను డివైడరు దగ్గరే ఆగాడు. ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది. అతని పేరు ఉత్తరం అడుగున ఉంది, ఆమే టైపు చేసింది, కానీ నోటికి అలవాటైనదే వచ్చింది.

"నాలుగూ ఏడూ సున్నా, ఒకసారి ఇటు రా బాబూ."

అతను వెనక్కి తిరిగాడు. దగ్గరికి వచ్చేలోపు ముఖం మారిపోయింది.

"నా నంబరు చూడకుండా చెప్పారేంటక్కా?"

"దాని కిందిది నాది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె స్టూలు చూపించి, మూడో పేజీలోని నిబంధనను చెప్పింది. రోజూ పదిమందికి చెప్పేలాగే, మాట తొందరపడకుండా. అతను ఉత్తర్వు తీసి, ఆ పేజీ వెతికి, వేలు పెట్టి చదివాడు.

"తేదీ మనం వేస్తే ఆఫీసును శాసించినట్టుంటుందనుకున్నా. వాళ్లే ఏదో ఒకటి ఇస్తార్లే అని."

"చాలామంది అలాగే అనుకుంటారు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

"పదకొండేళ్లుగా అందరికీ చెప్తున్నా బాబూ. నీ ఒక్కడికి చెప్పకపోతే..." ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ముందే చెప్పాల్సింది. టైపు చేసేటప్పుడే. అది నా తప్పు."

అతను ఉత్తర్వును మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేలి మీది పసుపు మచ్చను గోటితో గీకాడు. ఈ ఉద్యోగం మీకే వదిలేస్తానని అతను అంటాడేమోనని ఆమెలో ఏ మూలో ఒక చిన్న ఆశ తల ఎత్తింది. దాన్ని ఆమె చూసింది, సిగ్గుపడింది, తీసేయలేకపోయింది.

"మా చెల్లి చదువు నా మీదే ఉందక్కా," అన్నాడు చివరికి, తల వంచుకునే. "తేదీ వెయ్యండి. వచ్చే నెల ఇరవై అయిదు."

ఆమె వేసింది. వేసి, అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయాలని చెప్పి, రెండో విధంగానూ వేసింది. పాత ప్రతిని చించి అతని చేతికే ఇచ్చింది. అతను సంతకం చేశాడు. ఈసారి బాగుందనలేదు.

"నన్ను తిట్టుకుంటారా?"

"ఇంటికెళ్లాక ఆలోచిస్తా. ముందు నువ్వెళ్లు, గడువు అయిదైనా నాలుగున్నరకే ఆవక కిటికీ మూసేస్తారు. రసీదు మీద ముద్ర పడిందో లేదో చూసుకో."

ముద్ర పడింది. వెనక్కి వచ్చేటప్పుడు అతను దూరం నుంచే రసీదు ఎత్తి చూపించి, నమస్కారం పెట్టబోయి, చెయ్యి సగంలో ఆపి బస్టాపు వైపు నడిచాడు.

అయిదు గంటలకు ఆమె దుకాణం మూసింది. ఇంటి వైపు కాక రోడ్డు దాటి గేటు లోపలికి వెళ్లింది. నోటీసు బోర్డు అద్దం తలుపు తెరిచి, గుబురు మీసాల అటెండరు పిన్నులు పీకి పళ్ల మధ్య పెట్టుకుంటున్నాడు. కాలం తీరిన జాబితాలను తీసేయడం అతని రోజువారీ చివరి పని.

"ఏమ్మా రూల్సక్కా, దుకాణం కట్టేశావా?" అన్నాడు పిన్నుల సందులోంచి.

"కట్టేశానన్నా. ఆ వెయిటింగ్ లిస్టు చించెయ్యకండి. కాలం తీరిన జాబితా కూడా దస్త్రంలో ఉండాలి. వెనకాల రాసి తేదీ వెయ్యాలి."

"పొద్దున్నుంచి కళ్లజోడు కనపళ్లేదు తల్లీ. నువ్వే రాసెయ్యి, పుణ్యముంటుంది."

అతను కాగితాన్ని గోడకు ఆనించి పట్టుకున్నాడు. ముందువైపున ఏముందో చూడాలనిపించలేదు. వెనకవైపు తెల్లగా ఉంది, నాలుగు మూలలా పిన్నుల చిల్లులు. ఆమె పెన్ను తీసి, కంప్యూటరు వచ్చాక దాదాపు మరిచిపోయిన సొంత దస్తూరీతో, గుండ్రంగా, నిదానంగా రాసింది: చేరిక గడువు పూర్తయినందున ఈ జాబితా నేటితో ముగిసినది. కింద తేదీ వేసింది.

"సంతకం కూడా చేసెయ్యి, ఎవరడుగుతారు?"

"అది మీరే చెయ్యాలన్నా," అంది ఆమె, పెన్ను అతనికిస్తూ. "నాకు ఆ అధికారం లేదు."

అతను కళ్లు చికిలించి, ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.