పల్లకి ముందు ఆగిన పటం

నేను ఒక పటాన్ని. దేశపటాన్ని కాను, పూజగది పటాన్నీ కాను. చుడితే చంకలో ఇమిడి, విప్పితే వీధి అరుగులన్నిటినీ పలకరించగల నేతవారి కులపురాణాన్ని. రాజవంశాలు సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో దిగివచ్చామని చెప్పుకుంటాయి. నా వంశవృక్షం చింతచెట్టు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, నకాషీ చిత్రకారుడొకడు ఎర్రని నేల మీద నాకు దేవతలనూ రాక్షసులనూ, కడపటి గడిలో ఒక పెళ్ళిపల్లకినీ ప్రసాదించాడు.

వీధిలో నన్ను వేలాడదీసి, ఒక్కొక్క గడి విప్పుతూ కూనపులి రాజలింగం కథ పాడేవాడు. నేతగాళ్ళు తమ మూలపురుషుడి ప్రతాపం విని కన్నీరు పెట్టుకుని, మరునాడు యథాప్రకారం మగ్గం గుంటలోకి దిగేవారు. మనుషులకు తాతల వైభవాన్ని మించిన చవక విందు లేదు.

కాలక్రమంలో నేను చిరిగాను. నా దేవతలు వెలిశారు. కొత్త పటం వచ్చింది. రాజలింగం ఇంటి ఆచారంలో పాత పటాన్ని పారవేయరు, అమ్మరు. నది ఒడ్డున కథ చివరిదాకా పాడి, మంగళం పలికి, గోదావరిలో వదులుతారు. ఘనమైన మరణమే, కాకపోతే ఘనత పొందేవాడి అభిప్రాయం ఎవరూ అడగరు.

ఆ ఒడ్డుకే డాక్టర్ హైమవతి ఆయాసపడుతూ వచ్చారు. ఈమె కళాచరిత్రకారిణి, విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. పాత పటాలు ఎందుకు దొరకవో వివరించడానికి తన గ్రంథంలో చెదపురుగులకు ఒక అధ్యాయమే కేటాయించారు. చెదలకు అంతటి ప్రతిష్ఠ మరే శాస్త్రమూ కల్పించలేదు. ఇప్పుడు అసలు కారణం ఆమె కళ్ళముందే ప్రవహిస్తోంది.

"రాజలింగంగారూ, ఆగండి! దీన్ని నాకివ్వండి. ఎంతంటే అంత ఇస్తాను."

"సచ్చిన అయ్యను అమ్ముకుంటమా మేడం?" అని ఆయన పుల్లతో చివరి నుంచి రెండో గడి చూపుతూ పాట అందుకున్నాడు.

ఆయన భార్య లచ్చవ్వ తాళం ఆపకుండానే నవ్వింది. "పటానికి లేని ఏడ్పు మేడంకొచ్చింది."

నాకూ ఏడ్పు వచ్చింది. నా దేవతల కళ్ళ రంగు రాలిపోయింది గనుక ఎవరికీ కనబడలేదు.

ఆ గడి ముగిసింది. పల్లకి ఒక్కటే మిగిలింది. అప్పుడు హైమవతిగారు, "కథ పూర్తికాకుండా నీళ్ళలో వదలొచ్చా?" అని అడిగారు.

"గట్ల ఇడువద్దు. పానమున్నోన్ని కాటికి మోసినట్టయితది."

"అయితే పల్లకి పాడకండి."

తాళం ఆగింది. గోదావరి ఆగలేదు, దానికి శాస్త్రచర్చలతో పని లేదు.

"చిక్కినవ్ పో!" అంది లచ్చవ్వ మొగుడితో. "గీ పెండ్లి ఇగ కాదు."

రాజలింగం నన్నే చూస్తూ నిలబడ్డాడు. "పాడకుంటె సుత పటం సస్తది మేడం. గోడకు గొట్టి మూగదాన్ని జేస్తరా?"

"ఏటేటా మీరే వచ్చి పాడండి. పల్లకి దాకా."

"ఏడికి రావాలె?"

"నా గ్యాలరీకి."

అప్పటికి ఆమెకు గ్యాలరీ లేదు. ఉద్యోగం వదిలి, హైదరాబాదులో మూతపడ్డ నూలు గోదామొకటి పట్టి, వెల్ల వేయించి, మొదటి గోడ నాకిచ్చారు. గ్యాలరీలు కళాతృష్ణలోంచి పుడతాయని ఆమె గ్రంథాలే ఘోషిస్తాయి. ఆమె గ్యాలరీ మాత్రం ఒక అబద్ధాన్ని నిజం చేయడానికి పుట్టింది.

తరువాత మిగతా గోడల మీద మహామహుల చిత్రాలు వచ్చాయి, వెళ్ళాయి. నేనున్నాను. రాజలింగం ఏటేటా వచ్చి పాడతాడు. పల్లకి దగ్గరకు రాగానే పుల్ల దించి చాయ్ అడుగుతాడు. ఒక విమర్శకుడు ఇందులో 'అసంపూర్ణతా సౌందర్యాన్ని' కనుగొని, లచ్చవ్వకే వివరించబోయాడు.

"గదేం లేదు సారూ," అంది ఆమె. "దీనికి నీళ్ళంటె భయం."

హైమవతిగారు అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. చెదల అధ్యాయాన్ని ఆమె తరువాతి ముద్రణలో నిశ్శబ్దంగా నిమజ్జనం చేశారు.

ఆత్మకథ చివర మంగళం పాడడం మర్యాదే. ఆ పల్లకిలో ఎవరున్నారో, ఏ ఊరికి వెళ్తోందో నాకు బాగా తెలుసు. చెప్పను. బయట వాన దంచుతోంది. నా గోడ పొడిగా ఉంది.