కేజు జారిన రోజు

ఇంటి కూర కన్నా పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ మాట సొంత మనవరాలి విషయంలోనే నిజమవుతుందని పీటరు కలలో కూడా అనుకోలేదు. మూతపడిన గనిలో పనిచేసిన పెద్దాయన్ని ఎవరినైనా బడికి పిలుచుకు రమ్మని టీచరు చెబితే, తొమ్మిదో తరగతి చదివే ప్రిన్సీ ఎవరిని పిలిచింది? పక్క వరస ఇళ్ళలో ఉండే క్లెమెంటును!

“నేనేమన్నా చచ్చినానా? నన్నెందుకు పిలవలేదు?” అని నిలదీశాడు పీటరు.

“నువ్వు ఒక్క దినమన్నా లోపలికి దిగినావా తాతా? పైనే కదా ఉన్నింది!” అంది ఆ పిల్ల జడ అల్లుకుంటూ.

దిగలేదు, నిజమే. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప బోనును కేజు అంటారు. దాని తాడును నడిపే పెద్ద ఇంజను దగ్గర ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు పీటరు. కేజులో మనుషులున్నంతసేపూ ఆ ఇంజను డ్రైవరుతో ఎవరూ మాట్లాడకూడదని నియమం. దిగినవాళ్ళు కబుర్లు మూటగట్టుకుని పైకొచ్చేవారు, ఇతను నోరు కట్టుకుని కూర్చునేవాడు. అందరిలోకీ ఆ క్లెమెంటు ఉన్నాడే, ఫుట్‌బాల్ కప్పు వాడిదే, చర్చిలో పాటా వాడిదే. ఆఖరికి పీటరు మనసుపడ్డ ఫ్లోరా కూడా వాడినే చేసుకుంది. ఇప్పుడు మనవరాలు కూడానా!

పిలవని పేరంటానికి పోయినట్టు పోయి, తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

క్లెమెంటు కుంటుకుంటూ ముందుకొచ్చాడు. “ఒక దినం కేజు గబుక్కున జారిపోయినాది పిల్లలూ. ఒళ్ళు ఉండాదో లేదో తెలీలేదు. చేతిలో సుత్తి దూది మాదిరి అయిపోయినాది. బరువంతా యాడికి పోయిందో!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లన్నీ పీటరు చెంప మీదే పడుతున్నట్టున్నాయి.

సైన్సు టీచరు దీపశ్రీ స్ప్రింగు త్రాసుకు ఒక రాయి తగిలించి, చెయ్యి చటుక్కున కిందికి దించింది. ముల్లు పైకెగిరి తక్కువ చూపించింది. “రాయి తరిగిందా?”

“లేదు మిస్!”

“తరగలేదు. దానిలో ఉన్న పదార్థం, అంటే ద్రవ్యరాశి, ఎక్కడికి తీసుకుపోయినా అంతే. మారింది బరువు. చంద్రుడి మీదైతే ఈ రాయి ఇక్కడి బరువులో ఆరో వంతే తూగుతుంది. కానీ అక్కడ కూడా ఎవరైనా దీన్ని ఇక్కడిలాగే జోరుగా విసిరితే తగిలే దెబ్బ మాత్రం తగ్గదు. సరే తాతగారూ, కేజు ఆగినప్పుడు బరువు పెరిగి ఉండాలే?”

“పెరగకేమమ్మా! మోకాలు అప్పుడే కదా పోయినాది,” అని నవ్వాడు క్లెమెంటు.

ప్రిన్సీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి పీటరు ఇక పట్టలేకపోయాడు. తనకోసం ఆ పిల్ల ఏనాడు కన్నీరు పెట్టింది గనుక!

“అబద్ధం!” అని అరుస్తూ లేచాడు. “గంట మూడుసార్లు కొడితే కేజులో మనుషులుండారని గుర్తు. అప్పుడు మెల్లంగా దించేది నా చెయ్యి. ఇరవై ఆరేండ్లలో ఎవర్నీ అట్ల జార్చలేదు నేను!”

క్లెమెంటు పిల్లల వైపు తిరిగాడు. “పీటరు చెప్పిందే నిజం పిల్లలూ. కథకు రవ్వంత ఉప్పూకారం వేసినా. తప్పైపోయినాది,” అన్నాడు.

పిల్లలు గొల్లున నవ్వారు. ప్రిన్సీ గర్వంగా వెనక్కి తిరిగింది. “తాతా, నువ్వే వచ్చి చెప్పు!”

ఇంతకన్నా ఏం కావాలి? కానీ పీటరు ముందుకు అడుగు వెయ్యలేదు. జార్చాడు కదా! ఫ్లోరా, క్లెమెంట్ల పెళ్ళి ప్రకటన చర్చిలో చదివిన మర్నాడు, కేజులో వాడున్నాడని తెలిసి, కుళ్ళు తలకెక్కి, ఒక్క క్షణం బ్రేకు వదిలాడు. అది వాడికి తెలుసు. తెలిసి కూడా అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకున్నాడు! ఛీ, ఈ మంచితనం కూడా వాడికే దక్కాలా? అది ఓర్వలేకే పీటరు నోరు విప్పాడు.

“వాడు చెప్పిందే నిజం. జార్చింది నేనే. ఫ్లోరాను వాడు చేసుకుంటా ఉండాడనే కుళ్ళుతో. వాణ్ణి భయపెట్టాలనుకుంటిని, అంతే. మోకాలు పోవాలని కాదు.”

ప్రిన్సీ ముఖం మాడిపోయింది.

“ఇంగ కూర్చోరా పీటరూ,” అన్నాడు క్లెమెంటు. “నేను కమ్మీ పట్టుకోని బాగనే నిలబడుకోనుంటిని. ఆ దినం షిఫ్టు మార్చుకోని మీ తమ్ముడు డెరిక్ కూడా వచ్చినాడు. కేజు ఆగేటప్పుడు వాడు పడబోతే పట్టుకుంటిని. ఇద్దరి బరువూ ఒక్క మోకాలి మీద పడినాది. నీ పని పోతాదని వాడి నోరు నేనే మూయించినా.”

ప్రిన్సీ లేచి వెళ్ళి క్లెమెంటుకు కుర్చీ లాగి వేసింది, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తన తాత వైపు మాత్రం చూడలేదు.